ఆవు కుడికి, చీజు ఎడమకి

పోయిన శనివారం కూరగాయలు కొనుక్కుని ఇంటికి వస్తుంటే బడి పక్క మైదానంలోంచి ఒక కేక వినిపించింది. "కూడీ, కూడీ." ఆగి చూశాను. పదకొండు పన్నెండేళ్ళ పిల్లలు నడుములకు రంగు రిబ్బన్లు కట్టుకుని అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఈ పిల్లల ఆటలో ఒకరి మీద ఒకరు పడరు. రిబ్బను లాగేస్తే చాలు, బంతి పట్టుకున్నవాళ్ళు ఆగిపోవాలి. రెండు జడల జర్మన్ పిల్ల ఒకతె వంగి, చేతులు ముందుకు చాచి మళ్ళీ అరిచింది. "ఎడామర్." జట్టంతా ఎడమవైపుకి పరుగెత్తింది.

జర్మనీలోని ఈ బ్యోబ్లింగెన్‌లో, జర్మన్ పిల్ల నోట, మన కుడీ ఎడమలు. సంతోషించాల్సిన చోట నాకు కోపం వచ్చింది. ఆ మాటల్ని ఈ దేశపు ఆటలోకి తెచ్చిన కుర్రాడు గుర్తొచ్చాడు.

అతని పేరు రాయను. రాయొద్దన్నాడు. అతను ఆడిన క్లబ్బు పేరు కూడా రాయను. దానివల్ల వాళ్ళకి ఇంకో నాలుగు టికెట్లు అమ్ముడుపోవడం నాకిష్టం లేదు.

మా ఇద్దరి పరిచయం మెట్ల మీద. ఈ ప్రాంతంలో అపార్ట్‌మెంటు మెట్లు వారానికొక ఇంటివాళ్ళు తుడవాలి. వంతు వచ్చిన ఇంటి తలుపుకి 'కేర్‌వోఖె' అని రాసిన చిన్న పలక వేలాడుతుంది. అది పక్క తలుపుకి మారేదాకా ఎవరికీ మనశ్శాంతి ఉండదు. మా పై అంతస్తులో కరీంనగర్ నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. తండ్రికి వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల కంపెనీ పని, నెలకు రెండుసార్లు వచ్చేవాడు. తల్లి ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఆఫీసులో. వాళ్ళ వంతు వచ్చినప్పుడు బకెట్టు పట్టుకుని దిగేది కొడుకు. అప్పటికి ఇరవై రెండేళ్ళు. తొమ్మిదో ఏట ఈ దేశం వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు.

మొదటిసారి చూసినప్పుడు మెట్ల మలుపు దగ్గర చదునులో ఉన్నాడు. తుడిచే కర్ర గోడకి ఆనించి, ఒక అడుగు వెనక్కి, రెండో అడుగు వెనక్కి, మూడో అడుగు వేసి ఆగి, కుడిచెయ్యి చెవి దాకా ఎత్తాడు. చేతిలో తడిగుడ్డ ఉంది.

"ఏం చేస్తున్నావు బాబూ?" అన్నాను.

"తుడుస్తున్న అంకుల్."

"వెనక్కి నడుస్తూనా?"

"తడి మీద అడుగు పడొద్దు గద."

మొహంలో నవ్వు లేదు. నేను నమ్మి లోపలికి వెళ్ళిపోయాను. అది క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి ముందు వేసే మూడడుగులని తెలియడానికి నాకు నెల పట్టింది. పత్రికలో చాలా ఏళ్ళు ఆటల పేజీ చూసినవాణ్ణే, కానీ మా పేజీ క్రికెట్‌తో మొదలై క్రికెట్‌తో అయిపోయేది. ఈ ఆట నాకు నేర్పింది అతనే, అదీ మెట్ల మీదే, బకెట్టు బంతిగా, చెప్పుల జతలు ఆటగాళ్ళుగా.

"ఈ నడిమిట్లోడు బంతిని కాళ్ళ సందుల నుంచి వెనక్కి ఇస్తడు అంకుల్. ఈనె సెంటర్. అందుకునేటోడు క్వార్టర్‌బ్యాక్. విసురుడా, పక్కోని చేతిల పెట్టుడా, మూడు సెకన్లల డిసైడ్ చెయ్యాలె. ఈ ఐదు జతలు లైన్. వీళ్ళు నిలవడితెనే ఆయన నిలవడ్తడు."

"మరి నువ్వెక్కడ?"

ఒక ఒంటి చెప్పు తీసి నాలుగు మెట్ల కింద పెట్టాడు. "గీడ."

రైల్లో రెండు గంటల దూరంలో ఉన్న ఒక క్లబ్బులో అతను ఎర్జాట్స్ క్వార్టర్‌బ్యాక్. ఎర్జాట్స్ అంటే బదులు. కారు విడిభాగాలు అమ్మే కొట్టు బోర్డు మీద కూడా ఇదే మాట ఉంటుంది. ఇది డబ్బిచ్చి ఆడించే ఐరోపా లీగు. ప్రతి జట్టూ కొద్దిమంది అమెరికన్లని మాత్రమే తెచ్చుకోవచ్చు. ఆ కొద్దిమందిలో మొదటివాడు ఎప్పుడూ క్వార్టర్‌బ్యాకే. ఇక్కడ పెరిగిన పిల్లలు ఎంత బాగా విసిరినా ఆ స్థానానికి బదులుగాళ్ళే. వాళ్ళ అమ్మ దీన్ని ఇంకా సూటిగా చెప్పేది.

"మావోడు స్టెప్నీ అన్నా. డిక్కీల పండుకుంటడు. టైరు పంచరైతెనే యాదికొస్తడు."

"ఉండనియ్ అమ్మా," అనేవాడు అతను. "గెనావ్. స్టెప్నీల గాలి ఎప్పుడూ ఫుల్లుండాలె."

గెనావ్ అంటే జర్మన్‌లో సరిగ్గా అంతే అని. అతని సగం వాక్యాలు దానితోనే మొదలయ్యేవి. ఆదివారం సాయంత్రం ఆట నుంచి తిరిగొచ్చినప్పుడు మెట్ల మీద ఎదురైతే, ఆడావా అని అడిగేవాణ్ణి. "చూసిన అంకుల్. మొత్తం చూసిన," అనేవాడు. అబద్ధం కాదు. మొదటి ఏడాదంతా గీత పక్కన టోపీ పెట్టుకుని, చేతిలో అట్ట పట్టుకుని, లోపలి అమెరికన్‌కి సైగలు అందిస్తూ ప్రతి బంతీ చూశాడు. ఎదుటి జట్టులో ఎవరు ఏ కాలు ముందు కదుపుతారో అతనికి తెలుసు. ఎడమ మణికట్టుకి ఒక పట్టీ ఉండేది. అందులో చిన్న కాగితం మీద ఎత్తుగడలన్నీ అంకెలు వేసి రాసుకుంటారు ఈ ఆటగాళ్ళు. అతని కాగితం తెలుగులో ఉండేది. చిన్నప్పుడు శనివారం శనివారం వాళ్ళమ్మ కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలు, రెండో తరగతి పిల్లాడివిలా గుండ్రంగా, పెద్దగా. ఒత్తులు దాదాపు అన్నీ తప్పు.

రెండో సీజను మూడోవారంలో అమెరికన్ క్వార్టర్‌బ్యాక్ భుజం తప్పింది. స్టెప్నీ బయటికొచ్చింది.

ఆ తర్వాతి వారం ఆడబోయే జట్టుతో ఒక చిక్కుంది. వాళ్ళ కోచ్‌లలో ఒకతను నిరుడు ఈ క్లబ్బులోనే పనిచేశాడు. ఇక్కడి సంకేతాల మాటలన్నీ అతనికి తెలుసు. బంతి కదిలే ముందు క్వార్టర్‌బ్యాక్ అరిచే ప్రతి మాటా ఎదుటివాళ్ళకి అర్థమైపోతుంది. జర్మన్‌లోకి మారుద్దామంటే వాళ్ళూ జర్మన్లే. గురువారం ట్రైనింగులో మా కుర్రాడు ఆ ఐదుగురు లైన్ వాళ్ళనీ కూర్చోబెట్టి నాలుగే నాలుగు మాటలు నేర్పాడు. కుడి. ఎడమ. ఆగు. నడు.

సెంటర్‌గా ఆడేవాడు ఇంటిపైకప్పులు వేసే పనివాడు. తలుపంత మనిషి. అతనికి పరాయిభాష అంటే భయం. కానీ 'కు' అనగానే మొహం వెలిగిందట. జర్మన్‌లో 'కూ' అంటే ఆవు. ఎడమ అనగానే 'ఎడామర్' అన్నాడు. అది ఇక్కడ ప్రతి దుకాణంలోనూ దొరికే చీజు. ఇంక మర్చిపోవడమన్నది లేదు. ఆవు కుడికి, చీజు ఎడమకి. ఐదుగురు పెద్దమనుషులు బల్లల మీద చేతులతో దరువేస్తూ అరగంటలో వల్లెవేశారని అతను మెట్ల మీద కూర్చుని చెబుతుంటే మొదటిసారి అతను పళ్ళు కనబడేలా నవ్వడం చూశాను.

ఆ ఆటకి నేనూ వాళ్ళమ్మా రైల్లో వెళ్ళాం. ఆవిడ ఒళ్ళో సర్వపిండి డబ్బా, మొహంలో ప్రాణం లేదు. ఇంతకుముందు ఎప్పుడూ రాలేదట. "కొడుకు కూసునుడు సూసెతందుకు టికెట్ ఎందుకన్నా," అంది.

ఆట మొదలైంది. అతను సెంటర్ వెనక నిలబడి, వేళ్ళు నాలుకకి అద్దుకుని, ఎడమ తొడకి తుడుచుకుని, గొంతెత్తి అరిచాడు. "ఆగూ." అదే బంతి కదిలే గుర్తనుకుని ఎదుటి జట్టులో ఇద్దరు ఉరికి గీత దాటేశారు. మనవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. రెఫరీ పసుపు గుడ్డ విసిరాడు. బంతి కదలకముందే తొందరపడ్డందుకు ఐదు గజాలు జరిమానా. మళ్ళీ "ఆగూ." ఈసారి ముగ్గురు. మూడోసారి వాళ్ళు జాగ్రత్తపడి మడమల మీద నిలబడ్డారు. అప్పుడు మామూలుగా, పక్కమనిషితో అన్నట్టు "నడు" అన్నాడు. ఐదుగురూ ఒక్క మనిషిలా లేచారు. ఎదుటివాళ్ళు ఇంకా మడమల మీదే ఉన్నారు.

వాళ్ళమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "అన్నా, గది నా మాట."

"ఏది?"

"ఆగు. ఆగు, టోపీ పెట్టుకో. నడు నడు, బస్సు పోతది. పొద్దుగాల బడికి తోలేటప్పుడు రోజూ ఒర్లేదాన్ని. గదే గొంతు. గట్లనే సాగదీస్తుండు సూడు దొంగ."

నవ్వుతూనే ఉంది, కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఆ ఆట గెలిచారు. తర్వాతి రెండూ గెలిచారు. మూడో ఆట అయ్యాక పైకప్పుల పనివాడు అతన్ని భుజం మీద ఎక్కించుకుని, మొత్తం సర్వపిండి డబ్బా తనకే ఇమ్మని వాళ్ళమ్మని బతిమాలుకున్నాడు.

మరునాడు అక్కడి స్థానిక పత్రిక కొన్నాను. శీర్షికలో, ముఖ్యమైన ఆటగాడు గాయపడ్డా క్లబ్బు నిలదొక్కుకుందని ఉంది. గాయపడ్డ అమెరికన్ పేరు మూడుసార్లు వచ్చింది. మూడు ఆటలు గెలిపించినవాడి పేరు ఎక్కడా లేదు. 'అతని స్థానంలో వచ్చిన ఆటగాడు' అని ఉంది. ఆ పత్రికవాళ్ళని తిట్టే ముందు నా సంగతి ఒప్పుకోవాలి. క్రికెట్ స్కోరులో బదులు ఫీల్డరు క్యాచ్ పడితే 'సబ్' అని వేసి పక్కన పేరు వేస్తారు. కాలమ్ సరిపోనప్పుడల్లా నేను మొదట కోసింది ఆ పేరునే. ఎన్ని పేర్లు కోశానో నాకు గుర్తులేదు. వాళ్ళ అమ్మలు మర్నాడు పేపరు తెరిచి వెతుక్కుని ఉంటారని అప్పట్లో ఒక్కసారీ తట్టలేదు.

నాలుగో ఆటకి ముందు క్లబ్బువాళ్ళు ఇంకో అమెరికన్‌ని విమానంలో రప్పించారు.

ఎందుకని అడిగితే కోచ్ కారణాలు చెప్పాడట. పోస్టరు మీద అమెరికన్ ఉండాలని డబ్బిచ్చేవాళ్ళు కోరుతున్నారు. ప్లేఆఫ్‌లకి అనుభవం కావాలి. ఆఖరికి భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు చాలా నమ్మకస్తుడివి" అన్నాడట. ఈ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పనికొచ్చేవాణ్ణి పక్కన కూర్చోబెట్టేటప్పుడు చెప్పే మాట ఇది. నమ్మకస్తుడు గొడవ చెయ్యడు, తలుపు విసిరి కొట్టడు. పక్కన పెట్టినా ఉంటాడు. అది వాళ్ళకి తెలుసు.

అక్కడితో ఆగినా ఏదోలే అనుకునేవాణ్ణి. ఆగలేదు. ఆ మాటలు బాగా పనిచేస్తున్నాయి, వదులుకోవద్దు, కొత్తవాడికి నేర్పు అన్నారు. మణికట్టు కాగితం కూడా ఇంగ్లీషు అక్షరాల్లో తిరగరాసి ఇమ్మన్నారు. అతని స్థానం తీసుకోవడం చాలక అతని గొంతు కూడా కావాల్సివచ్చింది వాళ్ళకి.

ఆ వారం కేర్‌వోఖె పలక వాళ్ళ తలుపుకే ఉంది. మెట్లు తుడుస్తున్నాడు. వెనక్కి అడుగులు లేవు. పై మెట్టు నుంచి కిందికి వరసగా, అందరూ తుడిచినట్టే తుడుస్తున్నాడు. ఫోను మెట్టు మీద పెట్టి ఉంది. అందులోంచి అతని గొంతే వస్తోంది. కుడి. ఎడమ. ఆగు. నడు. ఒక్కో మాటా ఐదేసి సార్లు, నెమ్మదిగా, ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీసి.

"ఇదేమిటి?" అన్నాను.

"ఆయనకి పంపెతందుకు రికార్డ్ చేసిన అంకుల్. సరిగ్గొచ్చిందా లేదా అని వింటున్న."

ఉండబట్టలేకపోయాను. "కుడిని ఎడమ అని, ఎడమని కుడి అని నేర్పు. ఒక్క ఆటతో వాళ్ళకే తెలుస్తుంది."

అతను కర్ర ఆపి నావైపు చూశాడు. కోపం లేదు. పెద్దవాడు పిల్లాడి మాటకి ఆగినట్టు ఆగాడు.

"ఎవరికి తాకుతది అంకుల్ దెబ్బ? క్వార్టర్‌బ్యాక్ వెనకుంటడు. ఆయనకేం గాదు. లైన్‌ల ఒకడు గిటు పోయి ఇంకోడు అటు పోతే మోకాళ్ళు పోతయ్. సెంటర్‌కి ఇద్దరు పిల్లలు. పైకప్పులెక్కాలె ఆయన."

"మరి నీ సంగతి?"

"నాది కూసునే పనే గద," అని బకెట్టు తీసుకుని ఇంకో మెట్టు దిగాడు.

వాళ్ళమ్మ కోపం మాత్రం దిగలేదు. మా వంటింట్లో కూర్చుని, అంతసేపూ చల్లారిపోయిన టీ వైపు చూస్తూ అంది. "బడిల వీడు ఆడేటప్పుడు తెలుగు మాట్లాడితే నవ్వేటోళ్ళన్నా. ఏడ్సుకుంట ఇంటికొచ్చెటోడు. గిప్పుడు గదే మాట గావాల్నంట వాళ్ళకు. మాట గావాలె, మాట్లాడేటోడు వద్దు."

కొత్తగా వచ్చిన అమెరికన్ మీద నాకు కోపం లేదు. ఇరవై నాలుగేళ్ళవాడు, తన దేశంలో తనూ బదులుగాడిగా ఉండి వచ్చినవాడే. ఉచ్చారణ సరిగ్గా రావాలని మా కుర్రాడి పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. 'డ' పలకలేక నవ్వులపాలయ్యాడు, తనూ నవ్వాడు. నా కోపం వాళ్ళిద్దర్నీ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చోబెట్టి, లోపలి గదిలోంచి చూస్తూ, ఇదెంత బాగుందో అనుకున్నవాళ్ళ మీద. క్లబ్బు వెబ్‌సైట్‌లో ఫొటో కూడా వచ్చింది. 'మా క్వార్టర్‌బ్యాక్ రహస్య సంకేతాలు.' ఫొటోలో మా కుర్రాడి ఎడమ భుజం మాత్రమే ఉంది.

సొంతమైదానంలో ఆ ఏటి చివరి ఆటకి మళ్ళీ వెళ్ళాం. క్లబ్బు చాలా ముందంజలో ఉంది. చివరి నిమిషంలో కోచ్ అమెరికన్‌ని బయటికి పిలిచాడు. చప్పట్లు కొడుతూ జనం లేచి నిలబడ్డారు. ఆ చప్పట్ల మధ్య మా కుర్రాడు శిరస్త్రాణం పెట్టుకుని లోపలికి పరుగెత్తాడు. వాళ్ళమ్మ కూడా లేచి నిలబడింది. "ఆడనిస్తున్రన్నా," అంది.

ఈ ఆటలో గెలుపు ఖాయమైనప్పుడు క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని మోకాలు నేలకి ఆనిస్తాడు. గడియారం నడిచిపోతుంది. అంతే. అతన్ని లోపలికి పంపింది అందుకు.

వేళ్ళు నాలుకకి అద్దుకున్నాడు. ఎడమ తొడకి తుడుచుకున్నాడు. "నడు" అన్నాడు. బంతి అందుకున్నాడు, మోకాలు నేలకి ఆనించాడు. లేచాడు. మళ్ళీ "నడు." మళ్ళీ మోకాలు. రెండోసారి లేచి బంతిని రెండు చేతులతో రెఫరీకి అందించాడు, పెద్దవాళ్ళకి ఏదైనా ఇస్తే మనం ఇచ్చినట్టు. పైకప్పుల పనివాడు శిరస్త్రాణం తీసి అతన్ని కౌగిలించుకుని వదల్లేదు. జనం అప్పటికే గేటువైపు వెళ్ళిపోతున్నారు.

"గింతేనా?" అంది వాళ్ళమ్మ. చాలాసేపు నిలబడే ఉంది.

ఆ చలికాలం క్లబ్బుకి రానని ఈమెయిలు రాశాడు. గొడవ లేదు, ఆరోపణ లేదు, అవకాశమిచ్చినందుకు కృతజ్ఞతలు అని కూడా రాశాడట. చదువయ్యాక తండ్రి దగ్గరికి వోల్ఫ్స్‌బర్గ్ వెళ్ళి ఉద్యోగంలో చేరాడు. తల్లి కూడా బదిలీ చేయించుకుంది. మెట్లు ఇప్పుడు వేరేవాళ్ళు తుడుస్తున్నారు, ముందుకే నడుస్తారు.

పోయిన శనివారం ఆ మైదానం కంచె దగ్గర నిలబడి, పిల్లలకి నేర్పుతున్న ట్రైనరమ్మని పిలిచి అడిగాను, ఈ మాటలు ఎక్కడివని. మంచి మనిషి. ఈల జేబులో పెట్టుకుని వచ్చి వివరంగా చెప్పింది. ఫలానా క్లబ్బు వేసవి శిబిరంలో నేర్చుకుందట. వాళ్ళ అమెరికన్ క్వార్టర్‌బ్యాక్ కనిపెట్టినవట. అతని ఊళ్ళో పాడి ఎక్కువట, అందుకే ఆవూ చీజూ.

"ఇవి తెలుగు మాటలు," అన్నాను.

ఆమె ఆసక్తిగా తలాడించింది. "తెలుగు. అది అమెరికాలో ఎక్కడుంది?"

చెప్పాను. భారతదేశమని, ఆ కుర్రాడని, ఈ వీధి చివర మూడో బిల్డింగులోనే ఉండేవాడని. మర్యాదగా విన్నది. పిల్లలు పిలిస్తే వెళ్ళిపోయింది. నమ్మినట్టు లేదు.

ఇంటికొచ్చి వోల్ఫ్స్‌బర్గ్‌కి ఫోను చేశాను. చాలా రోజులైంది మాట్లాడి. అంతా చెప్పాను. జడల పిల్ల, ట్రైనరమ్మ, పాడి.

"ఆవులా?" అని నవ్వాడు.

"కుడి అంటే కుడికే పోయిన్రా అంకుల్?"

"కుడికే పోయారు."

"అందరు ఒక్కసారి లేచిన్రా?"

"ఒక్కసారే లేచారు."

"గెనావ్," అన్నాడు. "ఇగ చాలు అంకుల్."

సరే నాన్నా అని ఫోను పెట్టేశాను. చాలదు. అతనితో అనలేకపోయాను. ఇక్కడ అంటున్నాను.